రిపోర్టు నార్మల్, మాట మాత్రం అందదు

"ఇంట్ల మంచిగనే ఇనవడ్తది సార్. నలుగురు కూసున్న కాడ మాటలు కలిసిపోతయి." దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు ఊళ్లలో తిరిగేటప్పుడు ఈ మాట మేం చాలాసార్లు విన్నాం. చెప్పినవాళ్ల పనులు వేరు. ఒకరు సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చిన మాజీ జవాను. ఒకరు చిన్నప్పటి నుంచి డప్పు కొడుతున్న మాదిగ పెద్దమనిషి. ఇంకొకరు గుంపు మేస్త్రీ వెంట పై రాష్ట్రాల డ్యాములకు పోయి, రాయి పేల్చే పనుల్లో వయసంతా కరిగించుకుని వచ్చిన పాలమూరు కూలీ. వీళ్లలో పరీక్ష చేయించుకున్నవాళ్లకు వచ్చిన రిపోర్టు ఒక్కటే: నార్మల్. ఆ కాగితం ఇంటికి తెచ్చాక కష్టం ఇంకా పెరుగుతుంది. చెవులు బాగున్నప్పుడు పిలిస్తే ఎందుకు పలకడు? కావాలనే పలకడంలేదని ఇంట్లోవాళ్లే అనుకుంటారు.

వినికిడి పరీక్షలో ఏ లోపమూ కనపడకపోయినా గోలలో మాట అర్థం కాకపోవడం గురించి గత పదిహేనేళ్లలో చాలా పరిశోధన జరిగింది. అందులో కొంత అమెరికా మాజీ సైనికుల మీద జరిగింది. సైనికుడి చెవికి అక్కడ రికార్డు ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది, కోర్టుకు పోయే దారి ఉంటుంది. అదే మోతను ఏ యూనిఫామూ లేకుండా భరించిన వాళ్ల సంగతి ఏమిటన్నది నల్లగొండ, పాలమూరు నేలమీద నిలబడి అడగాల్సిన ప్రశ్న. దాన్ని అడగాలంటే ముందు ఆ పరీక్ష ఏం చూస్తుందో, ఏం చూడదో తెలియాలి.

పరీక్ష అడిగే ప్రశ్న

చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెడతారు. చెవులకు హెడ్‌ఫోన్ పెడతారు. 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్థాయిలో ఈల లాంటి సన్నని శబ్దం వినిపించి, తగ్గించుకుంటూ పోతారు. వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. మనిషి పట్టుకోగలిగిన అతి చిన్న చప్పుడు ఎంతో గీత గీసి చూపించే కాగితమే ఆడియోగ్రామ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ఆ గీత 20 డెసిబెళ్ల లోపు ఉంటే వినికిడి మామూలుగా ఉన్నట్టే.

ఈ పరీక్ష అడిగేది ఒకటే: నిశ్శబ్దంలో చిన్న చప్పుడు వినపడిందా? గ్రామసభలో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే సర్పంచు అన్నదేమిటో తెలిసిందా అని అది అడగదు. బస్సు ఇంజను రొదలో కండక్టరు చెప్పిన ఊరి పేరు అందిందా అనీ అడగదు. సైన్యంలో పాత పద్ధతి ఇంకా సూటిగా ఉండేది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మనిషిని అటు తిప్పి నిలబెట్టి, 610 సెంటీమీటర్ల దూరం నుంచి గుసగుసగా మాట చెబుతారు. ఒక్కో చెవితో విని తిరిగి చెప్పాలి. చెప్పగలిగితే పాస్. యుద్ధభూమిలో ఎవరూ గుసగుసలాడరు గదా అని మేమొక మాజీ జవానును అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

తెగిన పోగులు

బోరు మోటరుకు పోయే వైరును ఊహించుకోండి. లోపల పది పోగులుంటాయి. ఎండకు, ఎలుకలకు ఎనిమిది తెగి రెండే మిగిలాయి. ఆ వైరుకు బల్బు పెట్టి చూస్తే వెలుగుతుంది. కరెంటు వస్తున్నది, వైరు బాగానే ఉందని లైన్‌మన్ పోతాడు. మోటరు వేస్తే లేవదు. ఆడియోగ్రామ్ బల్బు పరీక్ష. గోలలో మాట పట్టుకోవడం మోటరు పని.

లోపలి చెవిలో శబ్దాన్ని అందుకుని నరానికి పంపే వెంట్రుక కణాలు ఒక్కో చెవికి సుమారు 3500 ఉంటాయి. వాటి నుంచి మెదడుకు పోయే నరపు పోగులు దాదాపు 30,000. అంటే ఒక్కో కణానికి కొన్ని పోగులు అతుక్కుని ఉంటాయి. పెద్ద మోత వింటే కణాలే చచ్చిపోతాయని, అప్పుడు ఆడియోగ్రామ్‌లో గీత పడిపోతుందని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. మోత తర్వాత చెవులు కొంతసేపు దిమ్మెక్కి మళ్లీ మామూలైతే నష్టమేమీ లేదన్నది అప్పటి నమ్మకం. 2009లో బోస్టన్‌కు చెందిన షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఈ నమ్మకాన్ని కదిలించారు. ఎలుకలకు 2 గంటలపాటు 100 డెసిబెళ్ల మోత వినిపించారు. కొద్ది రోజుల్లో వాటి వినికిడి పరీక్ష మామూలు స్థాయికి వచ్చింది. కణాలూ బతికే ఉన్నాయి. కోసి చూస్తే మాత్రం, చెవిలో కొంత భాగంలో కణానికీ నరానికీ మధ్య ఉన్న అతుకుల్లో సగం దాకా పోయాయి. అవి తిరిగి రాలేదు. ఆ తర్వాత నెలల తరబడి నరమే మెల్లమెల్లగా క్షీణించింది.

పోగులన్నీ ఒక్క తీరు కావన్నది దీని తర్వాతి ముచ్చట. కొన్ని చిన్న చప్పుడుకే మేల్కొంటాయి. కొన్నింటిని పెద్ద చప్పుడే కదిలిస్తుంది. చుట్టూ రొద ఉన్నప్పుడు మొదటి రకం పోగులు రొదతోనే నిండిపోతాయి. అప్పుడు మాటను మోసేది రెండో రకం. మోత దెబ్బకు ముందు తెగేవి ఈ రెండో రకమేనని గినీ పందుల మీద చేసిన పనిలో కనపడింది. నిశ్శబ్ద గదిలో పరీక్షకు మొదటి రకం చాలు. అందుకే రిపోర్టు నార్మల్‌గా వస్తుంది.

2011లో లండన్‌లో రోలాండ్ షెట్, డేవిడ్ మెకాల్పైన్ చెవుల్లో గుయ్యిమనే మోత ఉండి, ఆడియోగ్రామ్ మామూలుగా ఉన్న మహిళలను పరీక్షించారు. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చెవి నరం పంపే తరంగాలను కొలిచే బెరా పరీక్షలో మొదటి తరంగం వాళ్లకు చిన్నగా వచ్చింది. దాచివున్న వినికిడి లోపం అన్న పేరు అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది. 2017లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ మాజీ సైనికుల ఆసుపత్రిలో నయోమి బ్రామ్‌హాల్ బృందం యువ మాజీ సైనికులను చూసింది. ఆడియోగ్రామ్ మామూలుగానే ఉన్నా, సర్వీసులో తుపాకుల మోత ఎక్కువగా విన్నవాళ్లకు ఆ మొదటి తరంగం తగ్గింది. అంతకుముందే, 2012లో ఫ్రెడరిక్ గాలన్ బృందం ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పేలుళ్లకు దగ్గరగా ఉన్న సైనికుల మీద రాసింది. వాళ్ల చెవులు పరీక్షలో దాదాపు బాగానే ఉన్నా, మాటను విడదీసి అర్థం చేసుకునే పరీక్షల్లో చాలామంది వెనకబడ్డారు. అక్కడ దెబ్బ చెవికే కాదు, పేలుడు అల తాకిన మెదడుకు కూడా తగిలి ఉండవచ్చు.

ఇది తెలుగువాళ్లకు ఎలా తగులుతుందో చూడండి. 'కుడి', 'గుడి', 'పాట', 'బాట'. ఈ జంటల్లో మాట మారేది మొదటి అక్షరంలో గొంతు ఎప్పుడు కదిలిందన్న చిన్న తేడా వల్ల. ఆ తేడా సెకనులో కొన్ని వందో వంతులు. పోగులు తగ్గిన నరం చప్పుడును చేరవేస్తుంది, కాని ఆ సమయపు తేడాను స్పష్టంగా చేరవేయలేదు. "ఇనవడ్తది గాని సమజ్ గాదు" అనే మాటను డాక్టర్లు అయోమయంగా తీసుకుంటారు. మాకు మాత్రం అది చాలా కచ్చితమైన వర్ణన అనిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే హక్కుల మాట మాట్లాడేవాళ్లు శాస్త్రాన్ని సాగదీస్తే ఎదుటివాళ్లకు అదే ఆయుధం అవుతుంది. ఎలుకల్లో తేలినంత గట్టిగా బతికున్న మనుషుల్లో ఇది తేలలేదు. 2017లోనే మాంచెస్టర్ పరిశోధకులు వందకు పైగా యువతీయువకులను పరీక్షించి, వాళ్లు విన్న మోతకూ బెరా తరంగానికీ సంబంధం కనపడలేదని రాశారు. బతికున్న మనిషి లోపలి చెవిని కోసి చూడలేం. చనిపోయినవారి చెవి ఎముకలను పరిశీలించినప్పుడు మాత్రం, మోతలో పనిచేసినవారిలో నరపు పోగులు ఎక్కువగా పోయాయని కనపడింది. వయసు, షుగరు, తలకు తగిలిన దెబ్బ కూడా ఇలాంటి కష్టం తేగలవు. ఒకప్పుడు టీబీకి ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ సూదులు చెవిని దెబ్బతీస్తాయి, రాతి దుమ్ములో పనిచేసిన మన వాడల్లో టీబీ కొత్తదేమీ కాదు. కాబట్టి ఒక్క మనిషిని చూపించి ఇతని చెవిలో పోగులు డప్పు వల్లే తెగాయని ఎవరూ రుజువు చేయలేరు. అతని కష్టం అబద్ధమని ఆడియోగ్రామ్ చూపించి తేల్చడమూ అంతే కుదరదు.

జవానుకు ఉన్న కాగితం

సైన్యంలో చేరే రోజున దేహమంతా పరీక్షించి రాసిపెడతారు. షేప్ అని పిలిచే అయిదు అక్షరాల లెక్కలో ఒక అక్షరం వినికిడిదే. ఈ కాగితానికి విలువ ఎంతో 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేరినప్పుడు రికార్డులో లేని జబ్బుతో బయటికి పంపితే, అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలి. కాదని చూపించే బాధ్యత సైన్యానిది, జవానుది కాదు. వైకల్యం 20 శాతం గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే పింఛనుకు దారి ఉంటుంది. 2023లో ఈ నియమాలను మార్చి రాశారు, మాజీ సైనికుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ తగువు ఇంకా చల్లారలేదు.

దళిత కుటుంబాలకు సైన్యం ఎప్పుడూ మామూలు ఉద్యోగం కాదు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సుబేదారుగా చేశారు. ఆంగ్లేయులు యుద్ధజాతుల సిద్ధాంతం పట్టుకుని మహర్లను సైన్యం నుంచి బయట ఉంచారు, 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడేదాకా ఆ తలుపు కోసం కొట్లాట సాగింది. మెట్ట ప్రాంతపు వాడ నుంచి ఒక పిల్లవాడు ఫౌజుకు పోతే ఊళ్లో ఆ ఇంటి పిలుపే మారుతుంది. అందుకే తిరిగొచ్చిన జవాన్లు ఇలాంటి ఫిర్యాదు తొందరగా బయటపెట్టరు. పెట్టినా లెక్క అక్కడే ఆగుతుంది. ఆడియోగ్రామ్ నార్మల్ అంటే వైకల్యం సున్నా శాతం. సున్నాకు సుప్రీంకోర్టు చెప్పిన భావన వర్తించదు, భావించడానికి కాగితం మీద జబ్బే లేదు కాబట్టి. అగ్నివీరులది ఇంకో చిక్కు. నాలుగేళ్లకు ముప్పావువంతు మందిని పంపించేస్తారు, పింఛను లేదు. వైకల్యపు పరిహారం శాతాన్ని బట్టి 15, 25, 44 లక్షలు. మెల్లగా క్షీణించే నరం ఇరవై అయిదేళ్ల వయసులో ఏ శాతమూ చూపించదు.

అమెరికాలో ఏమయిందో పోల్చి చూడాలి. అక్కడి మాజీ సైనికుల శాఖ పరిహారమిచ్చే కష్టాల్లో చెవుల్లో గుయ్యిమనడమే అన్నింటికంటే మొదటిది. దాన్ని ఏ యంత్రమూ కొలవలేదు, మనిషి చెబితే వినాల్సిందే. లోపమున్న చెవి ప్లగ్గులు అంటగట్టారని లక్షల మంది సైనికులు వేసిన కేసుల్లో 3ఎం కంపెనీ 2023లో సుమారు 600 కోట్ల డాలర్లకు రాజీపడింది. సైనికుడి మాటకు విలువిచ్చే వ్యవస్థ ఉంటే పరీక్ష పట్టని కష్టానికి కూడా చోటు దొరుకుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

పాలమూరు కూలీకి ఇవ్వని కాగితం

దేశంలో పెద్ద డ్యాములు, కాల్వలు కట్టిన చోటల్లా పాలమూరు లేబర్ ఉన్నారు. గుంపు మేస్త్రీ ముందు అప్పిచ్చి, ఆ అప్పు కింద మొగుడూపెళ్లాలను కట్టగట్టి తీసుకుపోయేవాడు. అందులో దళితులు, లంబాడాలు, వెనకబడిన కులాలవాళ్లే ఎక్కువ. జాక్‌హామర్‌తో రాతిలో రంధ్రం వేయడం, మందు కూరడం, పేల్చడం, ముక్కలు ఎత్తడం. సొరంగంలో అయితే ఆ మోత పోవడానికి తావుండదు, గోడలకు కొట్టుకుని మళ్లీ చెవికే వస్తుంది. ఇప్పుడు కథ కొంత తిరగబడింది. పాలమూరు వాళ్లు వేరే రాష్ట్రాల్లో తవ్వుతుంటే, మన దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగంలో జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ కూలీలు తవ్వుతూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న అది కూలి 8 మంది లోపల చిక్కుకుపోయినప్పుడే వాళ్ల పేర్లు మనకు తెలిశాయి. సొరంగం కూలితే వార్త. సొరంగంలో చెవులు పోతే వార్త కాదు.

చట్టంలో మాట లేకపోలేదు. మోత వల్ల వచ్చే వినికిడి లోపం, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో ఉండేది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో కూడా ఉండేది. క్వారీ కూడా గని కిందికే వస్తుంది, గనుల నియమాల ప్రకారం పనిలో చేరేటప్పుడూ, ఆ తర్వాత అయిదేళ్లకోసారీ వైద్య పరీక్ష చేయాల్సి ఉండేది. 2025 దాకా అమల్లో ఉన్న 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ప్రతి కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. ఎక్కడ, ఎన్నాళ్లు, ఎంత కూలికి చేశాడో అందులో రాయాల్సి ఉండేది. జవాను సర్వీసు రికార్డుకు సమానమైనది కూలీకి ఉండాల్సింది అదే. పాలమూరులో ఏ ముసలి కూలీ ఇంట్లోనైనా ట్రంకుపెట్టె తెరిచి చూడండి. రేషన్ కార్డు ఉంటుంది, ఆధార్ ఉంటుంది, ఉపాధి హామీ జాబ్ కార్డు ఉంటుంది. ఆ పాస్‌బుక్ మాకు ఎక్కడా కనపడలేదు. ఏ డ్యాము దగ్గర ఎన్నేళ్లు చేశాడో చెప్పడానికి అతని జ్ఞాపకం తప్ప ఆధారం లేదు. చెవి లోపం ఎవరి పని వల్ల వచ్చిందో తేల్చే మాట వస్తే, ఆ యజమాని ఎవరన్న దగ్గరే కేసు ఆగిపోతుంది.

డప్పు

డప్పుకు యజమానే లేడు. ఉన్నాడంటే ఊరంతా యజమానే. నిజాం కాలంలో నల్లగొండ దొరల కింద మాదిగలు చేసిన వెట్టిలో చెప్పులు కుట్టడంతోపాటు డప్పు కొట్టడం, చాటింపు వేయడం కూడా ఉండేవి. సాయుధ పోరాటం వెట్టిని కదిలించింది, చావు డప్పు మాత్రం చాలా ఊళ్లలో వాడ మీదే మిగిలింది. కొట్టమని తెగేసి చెప్పిన చోట సాంఘిక బహిష్కరణలు జరిగాయి. అదే డప్పును 1994లో దండోరా తన పేరుగా పెట్టుకుని హక్కుల చప్పుడుగా మార్చింది. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరైనా, అయితే డప్పు మానేయండి అంటే మేం ఒప్పుకోం. డప్పు ఉండాలి, కొట్టేవాడి చెవి కూడా ఉండాలి.

మేకతోలును మంట మీద కాచి బిగిస్తారు. ఎడమ భుజానికి తగిలించుకుని, ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల పట్టుకుని కొడతారు. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. ఒక డప్పు పక్కన అంతే మోత గల ఇంకో డప్పు చేరితే 3 డెసిబెళ్లు పెరుగుతుంది, పది చేరితే 10 పెరుగుతుంది. చిన్నగా అనిపించే ఈ అంకె వెనక శబ్దశక్తి పది రెట్లయింది. మన ఫ్యాక్టరీ నియమాల్లో 8 గంటలకు 90 డెసిబెళ్లు గరిష్ఠ పరిమితి, 115 అయితే పావుగంట. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఇంకా గట్టిగా చెబుతుంది: 8 గంటలకు 85 చాలు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగం తగ్గించాలి. చావు దగ్గర పొద్దున మొదలైన డప్పు శవం లేచేదాకా ఆగదు. జాతరలో రాత్రంతా ఆగదు. ఎన్నికలొస్తే నెలంతా ర్యాలీలే. ఈ మధ్య పక్కన డీజే బండి కూడా వచ్చింది. దాని పెట్టెల ముందు డప్పు వినపడాలంటే ఇంకా గట్టిగా కొట్టాలి. ఇదంతా ఏ ఫ్యాక్టరీ తనిఖీదారు పరిధిలోకీ రాదు.

జాతర మరునాడు చెవులు దిమ్మెక్కి ఉండటం, రాత్రి పడుకుంటే గుయ్యిమనడం డప్పు కొట్టేవాళ్లకు కల్లు తాగిన మరునాటి తలనొప్పి లాంటిది, చెప్పుకోవాల్సిన విషయమే కాదు. బోస్టన్ ఎలుకల కథ చదివాక ఆ దిమ్మును మేం మరో రకంగా చూస్తున్నాం. అది తగ్గిపోవడం నష్టం జరగలేదని సాక్ష్యం కాదు.

దీనికి కులం తోడైతే ఏమవుతుందో మెడికల్ కాలేజీ పుస్తకాల్లో ఉండదు. మోతలో మాట అందని పై కులపు పెద్దాయనను "పెద్దతనం, పాపం చెముడు వచ్చింది" అంటారు. అదే కష్టమున్న దళితుడు పిలిస్తే పలకకపోతే "బలిసింది" అంటారు. ఊరి నడుమ అరుగు మీద నుంచి దొర పిలిస్తే ఉరికి పోవాల్సిన రోజుల జ్ఞాపకం ఇంకా చావలేదు. మండలాఫీసులో, బ్యాంకు అద్దం వెనక గుమాస్తా చెప్పింది అర్థంకాక "ఇంకోసారి చెప్పండి సార్" అంటే దొరికే విసుగు కూడా ఇందులోదే. రెండుసార్లు విసుక్కుంటే మనిషి మూడోసారి అడగడు, తల ఊపి వచ్చేస్తాడు. తప్పు ఫారం మీద వేలిముద్ర పడేది అక్కడే. క్వారీలో అయితే పేల్చే ముందు వేసే కేక అందకపోవడం ప్రాణం మీదికి వస్తుంది. ఆడవాళ్ల సంగతి ఇంకా వెనక. పత్తి జిన్నింగు మిల్లుల్లో రోజంతా మిషన్ల మధ్య నిలబడే అక్కలను చెవుల గురించి అడిగినవాళ్లు మాకు కనపడలేదు.

60 డెసిబెళ్ల గడప

2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెళ్ల లోపముంటే వినికిడి తగ్గినవారు అంటుంది, 70 దాటితే చెవిటివారు. నార్మల్ గీత 20. అంటే 20కీ 60కీ మధ్య ఉన్నవాళ్లు డాక్టరు లెక్కలో చెవి లోపమున్నవాళ్లు, చట్టం లెక్కలో కారు. మోత దెబ్బ ఆడియోగ్రామ్‌లో కనపడినా అది ముందు 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా పడుతుంది. మాటకు సంబంధించిన అన్ని స్థాయిలకూ సగటు కట్టినప్పుడు ఆ గుంట పూడిపోతుంది. రైఫిల్‌ను కుడి భుజాన పెట్టి కాల్చేవాడికి ఎడమ చెవి ముందు పోతుంది, చట్టం మాత్రం రెండు చెవులూ చూపించమంటుంది. పరీక్షలో ఏమీ పడని మన మాజీ జవాను, డప్పు పెద్దమనిషి ఈ గడపకు ఆమడ దూరంలో ఉంటారు.

తెలంగాణ పింఛను నియమాల్లో ఇంకో విచిత్రం ఉంది. 2014లో ఆసరా మొదలైనప్పుడు వికలాంగులకు 40 శాతం చాలన్నారు, వినికిడి లోపానికి మాత్రం 51 శాతం కావాలన్నారు. ఎందుకో మాకు ఏ కాగితంలోనూ కారణం దొరకలేదు. 2023లో పింఛను 4016 రూపాయలైంది. గీత కార్మికులు, నేత కార్మికులు, బీడీ కార్మికులు వృత్తి పేరు మీదే ఆసరా జాబితాలోకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నది. ఆసరా జాబితాలో డప్పు చేరలేదు. చెవి పరీక్షలో నిలవని మనిషికి వృత్తి పింఛను ఎందుకు కావాలో అడిగేవాళ్లకు మా జవాబు ఇదే: దేహంలో జరిగిన నష్టాన్ని యంత్రం పట్టలేని చోట, ఆ నష్టం తెచ్చిన పనిని గుర్తించడమే మిగిలిన దారి. నల్లగొండ ఫ్లోరైడు బాధితుల ఎముకలు వంగి కనపడ్డాయి కాబట్టి దేశం చూసింది, అయినా ఎన్ని దశాబ్దాలు పట్టిందో మనకు తెలుసు. చెవి నరం వంగి కనపడదు.

ఇప్పుడు చేయగలిగింది

సదరం క్యాంపుకు గాని, ఆసుపత్రికి గాని పోయేవాళ్లతో తోడు వెళ్లే కార్యకర్తలు ముందు ఒక కాగితం రాసి పట్టుకుపోవాలి. ఏ పని, ఎక్కడ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, రోజుకు ఎన్ని గంటలు, మేస్త్రీ ఎవరు, కంపెనీ ఏది. పని తర్వాత చెవులు దిమ్మెక్కేవా, గుయ్యిమనేవా, ఏ సందర్భంలో మాట అందదు. ఆడియోగ్రామ్ నార్మల్ వస్తే అక్కడితో ఆగకుండా రొదలో మాట పరీక్ష చేయమని, కుదిరితే బెరా చేసి మొదటి తరంగం ఎంత ఎత్తుందో రాయమని అడగాలి. మామూలుగా బెరాలో తరంగాల సమయమే చూస్తారు, ఎత్తును పట్టించుకోరు. ఒక్కరి బెరా చూసి తేల్చి చెప్పే స్థాయికి శాస్త్రం ఇంకా రాలేదు, కాని ఫైల్లో ఆ అంకె ఉండటం మంచిది. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో కుదరదంటే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి రాయించుకోవచ్చు. క్వారీల్లో చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్షల వివరాలను గనుల భద్రతా డైరెక్టరేట్ నుంచి సమాచార హక్కు కింద అడగవచ్చు. ఏమీ లేవని జవాబు వచ్చినా అది పనికొచ్చే కాగితమే.

వినికిడి మిషన్ ఈ కష్టానికి అంతగా పనిచేయదు. అది చప్పుడును పెద్దది చేస్తుంది, తెగిన పోగులను కలపదు. పోకముందు కాపాడుకోవడానికి మాత్రం కొద్ది రూపాయల ఫోమ్ ప్లగ్గు చాలు. దాన్ని వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. దూది పెట్టుకుంటే లాభం లేదు. తాళం వినపడదేమోనని డప్పు కళాకారుల భయం. ఒకటి రెండు రోజులు అలవాటు చేసుకుంటే పక్కవాడి దెబ్బ అందుతూనే ఉంటుంది, అదనపు మోతే తగ్గుతుంది.

భాషాశాస్త్రం, ఆడియాలజీ చదువుతున్న మన విద్యార్థులకు ఇక్కడ ఒక పని ఉంది. రొదలో మాట పరీక్షకు వాడే వాక్యాలు ఏ తెలుగులో ఉంటాయో చూడండి. 'మీరు ఎక్కడికి వెళుతున్నారు' అని రికార్డింగు వస్తే, 'ఏడికి వోతున్రు' అని పెరిగిన మనిషి తడబడతాడు. ఆ తడబాటు చెవిదా, బడిలో నేర్పిన తెలుగుదా అన్నది పరీక్ష చేసేవాళ్లకు తెలియదు. అచ్చంపేట, దేవరకొండ, మక్తల్, మునుగోడు మాటల్లో వంద వాక్యాలు రాసి, ఆ ఊళ్లవాళ్ల గొంతుతోనే రికార్డు చేసి, జాతర రొద మీద వినిపించే పరీక్ష ఒకటి తయారుచేయడం ఒక ఎం.ఫిల్ స్థాయి పని. మా దగ్గరున్న సంభాషణల్లో చెవి బాగున్నవాళ్లు కూడా ఏ మాట దగ్గర తప్పుతారో ముందుగా చూసుకోవాలి. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.